కాగితపు చుట్టల శ్రావణం

ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి శ్రావణం వచ్చేస్తుంది. రాఖీలు, వరలక్ష్మీ వ్రతం అలంకరణ, పేరంటాళ్లకిచ్చే చిన్న కానుకలు... వీటన్నిట్లోకీ పేపర్ క్విల్లింగ్ ఎప్పుడో దూరిపోయింది. చుట్టలంటే తాతయ్య చుట్టలు కావు లెండి, కాగితపు చుట్టలు!

కొండపల్లి బొమ్మకీ, నిర్మల్ బొమ్మకీ పుట్టిన ఊరుంది. క్విల్లింగ్‌కి మన దగ్గర అలాంటి ఊరు లేదు. ఒకప్పుడు యూరప్ మఠాల్లో సన్యాసినులు బంగారు అంచు కాగితపు ముక్కల్ని పక్షి ఈక కాడ (క్విల్) మీద చుట్టేవారట, పేరు అలా వచ్చిందంటారు. కాబట్టి మన సంప్రదాయమని మేం బుకాయించం. మా నాగోల్ ఇళ్లలో డైనింగ్ టేబుల్ మీద, వంట అయ్యాక చేసుకునే పని ఇది. అదే మాకు నచ్చింది.

ఈ సంచికలో క్విల్లింగ్ గురించి రాసినవాళ్లంతా, ఒకరితో ఒకరు అనుకోకుండానే, ఒకే మాట చెప్పారు: గమ్ తక్కువ, ఓపిక ఎక్కువ. కాగితపు జుంకానే చూడండి. నాలుగైదు కాగితపు రిబ్బన్లు కొసకు కొస అతికించి, బిళ్లలా బిగించి చుట్టి, బొటనవేలితో మెల్లగా నెడితే బుట్ట తేలుతుంది. లోపల ఫెవికాల్ పూసి ఆరనివ్వాలి. తొందరపడితే స్ప్రింగులా జారి ఒళ్లో పడుతుంది. మా ఆఫీసులో మూడు అలాగే పోయాయి.

అన్నట్టు, వార్నిష్ రెండు పూతలు వేసినా సరే, వానలో ఆ జుంకాలు పెట్టుకుని ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా బండి మీద వెళ్లకండి.

— సంపాదకవర్గం