సంచి కోసినోళ్ళు మనసు సంగతి చెప్పలేదు

మన వాడల్లో ఏ వీధికైనా పోయి అడగండి. "గర్భసంచి తీయించుకున్నావా అక్కా?" అంటే ముప్పై దాటిన ఆడోళ్ళలో ఎవరో ఒకరు తలూపుతారు. ఆ తర్వాత ఇంకో మాట అడగండి. "ఆపరేషన్ అయినాక నిద్ర పడుతోందా? మనసెట్లా ఉంటోంది?" ఆమె కాసేపు మాట్లాడదు. కొంగు కళ్ళ దగ్గరికి పోతుంది. ఎందుకంటే ఈ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కోసిన డాక్టరు అడగలేదు. కోయించుకొమ్మని పంపిన ఆర్‌ఎంపీ అడగలేదు. కట్టుకున్నోడు అడగలేదు. నిజం చెప్పుకోవాలంటే మన సంఘాలూ అడగలేదు.

వాడంతా మాత్రం ఆమె గురించి చెప్పుకుంటుంది. "అదివరకు నవ్వుతా తిరిగేది, ఇప్పుడు అయినదానికీ కానిదానికీ కస్సుమంటది" అని. గాలి సోకిందని ఒకరు, పొగరెక్కిందని ఒకరు. భూతవైద్యుడు వేపమండతో కొడతాడు, మొగుడు చేత్తో కొడతాడు. ఆసామి పనిదొంగ అని కూలి కోస్తాడు. రాత్రంతా ఒంట్లో ఆవిర్లు లేచి, చెమటలు పోసి, తెల్లార్లూ మంచం మీద కూచున్న మనిషి పొద్దున్నే నాటుకు ఎట్లా వంగుద్దో ఎవడికీ పట్టదు.

ఇది గాలీ కాదు, పొగరూ కాదు. గర్భసంచికి అటూ ఇటూ రెండు అండాశయాలుంటాయి. అవి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. ఈ హార్మోన్ల పని ముట్టుతోనే అయిపోదు. నిద్రనూ మనసునూ నడిపే మెదడు రసాయనాల మీద కూడా వీటి ప్రభావం ఉంది. అందుకే ఇవి ఎక్కువ తక్కువలైనప్పుడు కొందరికి మనసూ తల్లకిందులవుతుంది. ముట్టుకు ముందు చిరాకు, కాన్పయిన మూడో నాలుగో రోజున కారణం తెలీని ఏడుపు, ముట్టుడిగే వయసులో దిగులు, అన్నిట్లోనూ వీటి పాత్ర ఉంది. చాలామందికి అవి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. సర్దుకోనివారికి వైద్యం కావాలి. అది వాళ్ళ తప్పు కాదు.

మన దేశంలో ముట్టు దానంతటది ఆగే వయసు సుమారు 46, 47 ఏళ్ళు. అదీ కొన్నేళ్ళపాటు మెల్లమెల్లగా తగ్గి ఆగుతుంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే అంత మార్పూ ఒక్కసారిగా మీద పడుతుంది. ఆవిర్లు, నిద్రలేమి, దిగులు, భయం. ముందు ముందు ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే చాలిస్తాయి.

ఇప్పుడు లెక్కలు చూడండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి 34 ఏళ్ళకో, అంతకు ముందో అయిపోయింది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మన తెలుగు ఆడోళ్ళ గర్భసంచులకే ఇంత రోగం ఎక్కడి నుంచి వచ్చింది? రోగం సంచిలో లేదు, వ్యాపారంలో ఉంది. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో పోతే చాలు, "తీయకపోతే క్యాన్సర్ అవుద్ది" అని బెదిరిస్తారు. మందుబిళ్ళలతో తగ్గేదానికి కత్తి పెడతారు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో రోగం కొనుక్కొని ఇంటికొస్తాం.

ఇందులో కులం లేదంటారా? ఊళ్ళో ముట్టయిన ఆడదాన్ని మూడ్రోజులు మూల కూచోబెట్టారు. మన ఆడదానికి కూచునే మూల కూడా లేదు. కూచుంటే కూలి లేదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరుకు కోత కూలీల్లో 2019లో ప్రభుత్వ కమిటీ 82,309 మంది ఆడవాళ్ళను విచారిస్తే 13,861 మందికి సంచి లేదు. ఒక్కరోజు పని మానితే జరిమానా కట్టాల్సిన చోట ముట్టే శత్రువైపోయింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇట్లాంటి ఆపరేషన్ల మీద వేసిన కేసులో, అనవసరంగా సంచులు తీయకుండా కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మన మండలంలో అవి అమలవుతున్నాయా అని అడిగినోళ్ళు ఎంతమంది?

ఒక హెచ్చరిక. హార్మోన్ల మాట పట్టుకుని "ఆడదాని మనసు నిలకడ లేనిది" అని మనువు పాట పాడేవాళ్ళు కాచుకుని ఉంటారు. ఆ పాట మనకొద్దు. మనసు చెదిరినా చేలో, ఇంట్లో, ఉద్యమంలో బరువు మోస్తున్నది ఆమే. అట్లాగని అంతా హార్మోన్లదే తప్పనడం కూడా మోసమే. అప్పు, తాగొచ్చిన మొగుడి దెబ్బ, కులం పేరుతో తిట్టు, ఇవి ఏ రక్తపరీక్షలోనూ కనపడవు. శరీరం ఒకవైపు, సమాజం ఒకవైపు నొక్కితే ఆ మధ్యన నలిగేది మన ఆడది.

ఇది ఆడోళ్ళ గోల, ఉద్యమానికేం పని అనే అన్నలకు ఒక మాట. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి దాన్ని సమర్థించాడు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఉండాలని, అది దేశానికి మేలని వాదించాడు. ఆడదాని ఒంటి సంగతి ఆయనకు సభలో మాట్లాడే రాజకీయం. మనకు ఎందుకు సిగ్గయింది?

అందుకే మేం అడుగుతున్నాం. సంచి తీయాలంటే ఇంకో డాక్టరు కూడా చూసి అవసరమని చెప్పాలి. అండాశయాలు తీస్తారో ఉంచుతారో, తీస్తే ఏమవుతుందో ముందే తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. చిన్న వయసులోనే అండాశయాలు పోయినవారికి, పడని జబ్బేదీ లేకపోతే, హార్మోన్ మందులు సర్కారు దవాఖానాలోనే ఇవ్వాలి. మనసు వైద్యం 2017 చట్టం ఇచ్చిన హక్కు, దాన్ని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందనివ్వాలి. అంతవరకూ టెలి మానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క గంట కూడా ఆగొద్దక్కా, ఫోన్ చెయ్యి, పక్కింటి మనిషిని పిలువు.

ఇక మనం చేయాల్సింది ఒకటుంది. ఈ పక్షం జరిగే ప్రతి సంఘం మీటింగులో ఆడోళ్ళను ముందు కూచోబెట్టండి. నిద్ర పడుతోందా అని అడగండి. అడిగి, చివరిదాకా వినండి.

జై భీం!