లేపాక్షిలో తల యెత్తువారెవరు?

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, తాబేటి వీపువలె మెరకయైన కూర్మశైలముపై లేపాక్షి వీరభద్రాలయము వెలసియున్నది. అనంతపురము జిల్లాకు చెందియుండిన ఈ గ్రామము 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు, ఆకాశమును మారలేదు. వానకై ఎదురుచూచు ఈ మెట్టసీమనుండి బ్రదుకుతెరువునకై కూలిజనము బెంగుళూరికి పోవుచుండగా, సెలవుదినములందు బెంగుళూరినుండి యాత్రికులు బండ్లపై లేపాక్షికి వచ్చుచున్నారు. ఈ రాకపోకలవలన ఎవరికేమి దక్కుచున్నదని విచారించుట అనుచితము కానేరదు.

వచ్చినవారు చేయుచున్నదేమి? మొదట ఏకశిలానందీశ్వరుని చూతురు. రమారమి 27 అడుగుల పొడవును, 15 అడుగుల ఎత్తును గల ఆ మహావృషభమును చూడకుండ పోవుట ఎవరితరము? పిదప ఆలయమున జొరబడి, మంటపమునందు నేలకు పూర్తిగా ఆనక నిలిచిన 'వ్రేలాడు స్తంభము' కడకు పరుగెత్తుదురు. దాని క్రింది సందులో ఉత్తరీయమునో చేతిరుమాలునో దూర్చి, ఆవలికి లాగి, మేలు కలుగునని సంతసించి, ఛాయాచిత్రము తీసికొని మరలిపోవుదురు. సుమారు డెబ్బది స్తంభములు గల కోవెలలో వీరి కంటబడినది ఒక్క స్తంభపు అడుగుభాగము మాత్రమే!

ఆ యాత్రికుడు ఒక్కమాఱు తల యెత్తినచో ఏమి కనబడును? మంటపముల పైకప్పులనిండ చిత్రములు. కిరాతార్జునుల కథ, గిరిజాకల్యాణము, పార్వతీపరమేశ్వరుల పాచికలాట, వటపత్రశాయి, మహాకాయుడైన వీరభద్రుడు. అతని చెంత ఆలయనిర్మాతలైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారసమేతులై భక్తితో నిలిచియున్నారు. దేవతల కథలు ఏ గుడిలోనైన దొరకును. ఇచ్చట విశేషము మనుష్యులు. పొడవైన కుళ్లాయిలు ధరించిన పురుషులను, రకరకముల అంచుల చీరెలు కట్టి కొప్పులు ముడిచిన స్త్రీలను చూడుడు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) ఈ సీమలోని కలవారు ఏమి కట్టిరో, ఎట్లు నిలిచిరో, పెండ్లికి ఎట్లు అలంకరించుకొనిరో చిత్రకారుడు సున్నపుపూతపై ఎఱ్ఱమన్నుతో, పసుపుమన్నుతో, నలుపుతో వ్రాసిపెట్టినాడు. విజయనగరశిల్పము మనకు కొండలకొలది మిగిలినది. చిత్రలేఖనము అట్లు మిగులలేదు. విరిగిన విగ్రహమును చూచి దాని పూర్వరూపమును ఊహింపవచ్చును గాని, రాలిపోయిన రంగును ఎవడు ఊహింపగలడు? ఇప్పటికే పెక్కుతావుల చిత్రములు వెలిసి పెచ్చులూడినవి. ఈ కప్పులమీది అంచులను, పువ్వులను నేటి నేతగాండ్రు చీరెలపైకి దింపుకొనుచున్నారు. ప్రభుత్వమువారి హస్తకళల అంగళ్లకును లేపాక్షియనియే నామకరణము చేసిరి. పేరు ఊరూర అమ్ముడుపోవుచున్నది. మూలము మాత్రము మసకబారుచున్నది.

విరూపణ్ణ కథ వినని తెలుగువా డరుదు. రాజాజ్ఞ లేకయే బొక్కసపు ధనమును గుడికి వెచ్చించెనను నేరమునకు కన్నులు తీయింప నాజ్ఞ కాగా, ఆతడు తానే పెరికి గోడకు విసరెనట. కల్యాణమంటపము అసంపూర్ణముగ నిలిచిపోవుటకు అదియే కారణమని చెప్పుచు, గోడమీది రెండు ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. ఇది చరిత్రయని మేము వాదింపము. కాని ఒక్క విషయము గమనింపదగినది. కరవుసీమలో బొక్కసపు సొమ్మును రాళ్లకును రంగులకును పోయవచ్చునా యను ప్రశ్న నేటి విమర్శకులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఆ ప్రశ్నను ఈ పల్లెజనమే కథగా కట్టి కాపాడుకొనిరి. (ఆ విరూపణ్ణనే వారు పూజ్యునిగను తలంతురు. మన జనుల న్యాయబుద్ధి చిత్రమైనది.)

సొమ్ము వెచ్చమై అయిదు శతాబ్దములు కావచ్చినది. దాని ఫలమైనను ఆ పల్లెకు ముట్టవలదా? రుమాలు లాగి గడియలో వెళ్లిపోవువానివలన ఊరికి దక్కునది కొబ్బరికాయ వెల, తేనీటి వెల. చిత్రములను చూడ నేర్చినవాడు పూటయెల్ల నిలుచును, ఊరిలో భుజించును, మరల వచ్చును. కావున చదువుకొన్న స్థానికయువకులకు ఈ చిత్రముల కథనంతయు నేర్పి, వివరించు పని వారికే అప్పగింపవలయును. కళకై మాత్రమే గాక కూటికై కూడ మేమీ మాట చెప్పుచున్నాము. తల్లి వంట ముగించులోగా శిల్పులు నాగలింగమును చెక్కిరను ముచ్చటను వారు మానుకొననక్కరలేదు. దానికి తోడు పైకప్పును గూర్చియు నాలుగు మాటలు చెప్పిన చాలును.

2022లో ఈ ఆలయమును నందీశ్వరునితోగూడ యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి. శాశ్వతమైన జాబితా మాట తరువాత చూచుకొందము. ఈలోగా పురావస్తుశాఖవారు స్తంభము చుట్టు ఒక కంచె కట్టింతురు గాక. చిత్రములకు హాని చేయని మందమైన దీపములు అమర్తురు గాక. మెడ యెత్తలేని వృద్ధులకొఱకు నేలపై నొక పెద్ద యద్దము పరచినను చాలును. వీరభద్రుడును, ఆయన చెంత నిలిచిన విరూపణ్ణయు అందులో కనబడుదురు.