యూనిఫారం కొన్నట్టు హెల్మెట్ కొనవద్దు!

బడులు తెరిచే రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటుంది. దర్జీ కొలతలు తీసుకుంటూ ఉంటే వెనక నుంచి అమ్మ అందుకుంటుంది: “కాస్త వదులుగా కుట్టండి, ఎదిగే పిల్లాడు!” బూట్ల సంగతీ అంతే. ముందు భాగంలో దూది కుక్కి అయినా సరే, ఒక సైజు పెద్దవే కొంటారు. ఇందులో తప్పేమీ లేదు. ఏడాది తిరిగేసరికి లాగు పొట్టిదైపోతుంది, బూటు కరుస్తుంది. ముందుచూపుతో కొంటే నాలుగు డబ్బులు మిగులుతాయి.

అయితే ఇదే సూత్రాన్ని హెల్మెట్‌కు కూడా వర్తింపజేస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

మొన్న జూన్‌లో ఒక హెల్మెట్ల దుకాణంలో నేను చూసింది చెబుతాను. ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రవాడు ఆరో తరగతట. రోజూ నాన్న మోటారు సైకిలు వెనక కూర్చుని బడికి పోతాడు. వాడి కళ్లు తిన్నగా మోటోక్రాస్ హెల్మెట్ మీద పడ్డాయి. మట్టి దిబ్బల మీంచి మోటారు సైకిళ్లు గాలిలోకి లేచే పందేలు మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ పందెగాళ్లు పెట్టుకునే హెల్మెట్ అన్నమాట. గడ్డం దగ్గర ముందుకు పొడుచుకు వచ్చి, నుదుటి మీద పొడవాటి చూరుతో, రంగురంగుల గీతలతో ఉంటుంది.

తండ్రి సరేనన్నాడు. కాకపోతే కొడుకు తలకు సరిపోయినదాన్ని పక్కన పెట్టి, రెండు సైజులు పెద్దది తీసుకున్నాడు. “ఇంటర్ దాకా మళ్లీ చూసుకోనక్కర్లేదు” అన్నాడు. దుకాణదారు తల ఊపాడు. పిల్లవాడు దాన్ని పెట్టుకుని “నాన్నా!” అంటూ పక్కకు తిరిగాడు. తల తిరిగింది గాని హెల్మెట్ తిరగలేదు! అది అలాగే ఎదుటి గోడను చూస్తూ ఉండిపోయింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు డబ్బు కట్టి వెళ్లిపోయారు. వాళ్ల బండి మలుపు తిరిగాక నాకు నవ్వు పోయింది. చెప్పవలసిన మాట అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తల ఎంత పెరుగుతుంది?

ముందు ఆ తండ్రి లెక్క సరైనదేనా చూద్దాం. పుట్టినప్పుడు శిశువు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి పుట్టినరోజుకల్లా అది 46 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఆరేళ్లకు 51 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మరి పెద్దవాళ్లలో? సాధారణంగా 55 నుంచి 57. అంటే ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి పెద్దవాళ్లయ్యే దాకా తల చుట్టుకొలత పెరిగేది నాలుగైదు సెంటీమీటర్లే! అదే కాలంలో మన ఎత్తు యాభై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? పుర్రె అనేది మెదడు కోసం కట్టిన ఇల్లు. ఆరేళ్లు వచ్చేసరికే మన మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో 90 శాతానికి చేరుకుంటుంది. ఇంట్లో ఉండేవాడు ఎదగడం దాదాపు పూర్తయ్యాక ఇల్లు మాత్రం ఎందుకు పెరుగుతుంది? కాళ్లూ చేతులూ ఆ తరువాత చాలా ఏళ్లు తాపీగా పెరుగుతాయి.

కాబట్టి లాగుకు పనికొచ్చే లెక్క తలకు పనికిరాదు. ఈ రోజు మీ తలకు సరిగ్గా సరిపోయే హెల్మెట్ వచ్చే ఏడాదే చిన్నదైపోతుందని భయపడనక్కర్లేదు. అసలు ఆ భయానికే ఆధారం లేదన్నమాట.

లెక్క కట్టి చూద్దాం

ఇప్పుడు హెల్మెట్ చేసే పనేమిటో తెలుసుకుందాం. బండి వెనక కూర్చున్నప్పుడు మీ తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకే వేగం సెకనుకు 5.4 మీటర్లు. గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు! బండి ఆగి ఉన్నా సరే, పడితే ఇంత వేగం ఉంటుంది. “పక్క వీధికే కదా, నెమ్మదిగానే పోతాం కదా” అనేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

అంత వేగంతో వచ్చిన తల ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. పడేటప్పుడు తలకు వచ్చే శక్తి దాని బరువు, ఎత్తుల లబ్ధం. ఆపేటప్పుడు ఖర్చయ్యే శక్తి బలం, ఆగిన దూరాల లబ్ధం. రెండూ సమానం. కనుక ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, తల మీద పడే సగటు బలం తల బరువుకు ఎన్ని రెట్లో తెలిసిపోతుంది. ఉత్త తల రోడ్డుకు కొట్టుకుని 5 మిల్లీమీటర్లలో ఆగిందనుకుందాం. 1500ను 5తో భాగిస్తే 300 రెట్లు! నాలుగు కిలోల తల మీద 1200 కిలోల బరువు మోపినట్టు. అదే తల 25 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే? 60 రెట్లే. బలం అయిదో వంతుకు తగ్గిపోయింది.

ఆ 25 మిల్లీమీటర్ల దూరాన్ని ఇచ్చేదెవరు? హెల్మెట్ పైచిప్ప కాదు, లోపలి మెత్తటి స్పాంజీ కాదు. ఆ రెండింటి నడుమ దాగి ఉన్న థర్మోకోల్ పొర. చిన్న ప్రయోగం చేసి చూడండి. థర్మోకోల్ ముక్కను బొటనవేలితో గట్టిగా నొక్కండి. గుంట పడి అలాగే ఉండిపోతుంది. స్పాంజీని నొక్కండి. తిరిగి పైకి లేస్తుంది. థర్మోకోల్ తాను నలిగిపోతూ దెబ్బ తాలూకు శక్తిని మింగేస్తుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత కొత్తగా కనిపించినా మళ్లీ వాడకూడదు. లోపల చేయి పెట్టి చూస్తే ఉత్త స్పాంజీ తప్ప థర్మోకోల్ లేదంటే అది హెల్మెట్ కాదు, టోపీ!

ఈ సంగతి తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరు పొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు మీంచి పడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ఆ తరువాత మోటారు సైకిళ్ల వాళ్ల తల గాయాలను పరిశోధించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో ఒక వ్యాసంలో వివరించాడు. నలిగిపోయి శక్తిని మింగే పొర ఉన్న హెల్మెట్‌కు అమెరికాలో 1953లో పేటెంట్ లభించింది.

వదులుగా ఉంటే ఏమవుతుంది?

జడత్వాన్ని గురించి మీరు చదువుకున్నారు. బస్సు హఠాత్తుగా ఆగితే మనం ముందుకు తూలుతాం. వదులు హెల్మెట్‌లో తల గతి కూడా అంతే. చిప్ప రోడ్డుకు తగిలి ఆగిపోతుంది. లోపలి తల మాత్రం ఖాళీ జాగాలో పూర్తి వేగంతో ప్రయాణించి, ఆ తరువాత గోడకు కొట్టుకుంటుంది. మొదటి నుంచీ తలను అంటిపెట్టుకుని ఉంటేనే థర్మోకోల్ తన పని సరిగా చేయగలదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి. పడినప్పుడు దెబ్బ ఒక్కటే తగులుతుందని నమ్మకం లేదు. ముందు రోడ్డు, ఆ తరువాత డివైడరు. వదులు హెల్మెట్ మొదటి దెబ్బకే వెనక్కి జారిపోతుంది, లేదా ఊడి దూరంగా దొర్లిపోతుంది. రెండో దెబ్బకు తల ఉత్తదే.

మెడ సంగతి కూడా మరిచిపోకూడదు. పెద్దవాళ్ల హెల్మెట్ ఒకటిన్నర కిలో ఉందనుకోండి. 60 కిలోల మనిషికి అది ఒంటి బరువులో రెండున్నర శాతమే. 25 కిలోల పిల్లవాడికి అదే 6 శాతం! తల దాదాపు పెద్దవాళ్లంత, మెడ కండరాలు మాత్రం పిల్లలవి. అమెరికాలో నాలుగేళ్ల పిల్లలు కూడా 50 సీసీ బళ్లతో మోటోక్రాస్ పందేలలో పాల్గొంటారు. ఈ బరువు సంగతి గమనించే అక్కడి స్నెల్ సంస్థ పిల్లల పందెపు హెల్మెట్ల కోసం 2007లో ప్రత్యేక ప్రమాణం తెచ్చింది.

ఇక మన కుర్రవాడు మోజుపడిన మోటోక్రాస్ హెల్మెట్ సంగతి. అది చెడ్డదేమీ కాదు. దాని చూరు ఎండను, ముందు బండి చక్రం ఎగజిమ్మే మట్టిని ఆపడానికి. గడ్డం దగ్గరి ఖాళీ ఆయాసపడే పందెగాడికి గాలి ఆడడానికి. కళ్ల ముందు అద్దం ఉండదు, విడిగా గాగుల్స్ పెట్టుకోవాలి. మన రోడ్ల మీద గాగుల్స్ లేకుండా దాన్ని పెట్టుకుంటే దుమ్మంతా కళ్లలోనే. పోనీ, బొమ్మ నచ్చి కొన్నా ఫరవాలేదు. కాని తలకు సరిపోయేదై ఉండాలి.

దుకాణంలో మీరే పరీక్షించండి

దర్జీ టేపు తీసుకుని కనుబొమల మీద ఒక వేలు ఎడంగా, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. మూడుసార్లు కొలిచి, అందులో పెద్ద అంకెను రాసుకోండి. ఆ అంకెను హెల్మెట్ సైజుతో పోల్చండి. వయసును బట్టి సైజు అడగవద్దు.

హెల్మెట్ పెట్టుకున్నాక అది తల మీద నేరుగా కూర్చోవాలి. నుదురు కప్పాలి, చూపుకు అడ్డు రాకూడదు. దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దానితో పాటు కదలాలి.

పట్టీ బిగించండి. గడ్డానికీ పట్టీకీ మధ్య ఒకటి రెండు వేళ్లకన్నా దూరకూడదు. ఇప్పుడు నాన్ననో అన్నయ్యనో హెల్మెట్ వెనక అంచు పట్టుకుని నెమ్మదిగా ముందుకు ఎత్తమనండి. ఊడి వస్తే అది మీకు పనికిరాదు. ఈ ఒక్క పరీక్ష చాలు, ఆ రోజు ఆ దుకాణంలో నిజం బయటపడి ఉండేది.

చివరగా, పది నిమిషాలు అలాగే పెట్టుకుని ఉండండి. అంతటా సమంగా బిగుతుగా ఉంటే మంచిదే. ఒకే చోట నొప్పి పుడితే మీ తల ఆకారానికి అది కుదరలేదన్నమాట. గుండ్రటి తలలూ ఉంటాయి, కోలతలలూ ఉంటాయి. వేరే రకం చూడండి.

ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు ఐఎస్ 4151 అనే ప్రమాణం సంఖ్య తప్పక చూడాలి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఈ గుర్తు లేని మోటారు సైకిలు హెల్మెట్ అమ్మడం నేరం.

“ఇవన్నీ జరిగే పనులేనా?”

కొందరి అభ్యంతరాలు నేనెరుగుదును. “రెండేళ్లకోసారి కొనడానికి మా దగ్గర డబ్బేది?” అంటారు. న్యాయమైన మాటే. కాని తల నెమ్మదిగా పెరుగుతుందని ఇందాకే చూశాం. పైగా ఒక్క దెబ్బా తినని హెల్మెట్, మరీ పాతది కాకుండా ఉంటే, తమ్ముడికో చెల్లికో తలకు సరిపోయిన నాడు ఇవ్వవచ్చు. ఎండలో పడేయకుండా, పెట్రోలుతో తుడవకుండా ఉంటే చాలు. పెట్రోలు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది.

“పోలీసులు పిల్లలను ఆపరు” అనేవారూ ఉన్నారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారూ మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవలసిందే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు కూడా తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, వాళ్లను తీసుకెళ్లే బండి గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని చెప్పే నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. అయినా రోడ్డుకు పోలీసులతో పనేమిటి? దానికి తెలిసింది భౌతిక శాస్త్రం ఒక్కటే.

హెల్మెట్ ఉంటే ఏమీ కాదని కూడా అనుకోవద్దు. 25 మిల్లీమీటర్ల థర్మోకోల్‌కు కొంత హద్దు ఉంది. వేగం రెట్టింపైతే అది మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నాన్న వేగంగా నడుపుతుంటే వెనక నుంచి భుజం తట్టి చెప్పే హక్కు మీకుంది.

మీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఒక టేపు పట్టుకుని మీ తరగతిలో అందరి ఎత్తూ, తల చుట్టుకొలతా కొలవండి. ఒకటో తరగతి పిల్లలవీ, ఉపాధ్యాయులవీ కూడా కొలిచి గ్రాఫు గీయండి. ఎత్తు గీత ఎలా ఎగబాకిందో, తల గీత ఎలా చదునుగా ఉందో చూడండి. ఆ గ్రాఫును ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు చూపించండి. మీ మాట నమ్మకపోయినా గ్రాఫును నమ్ముతారు.

లాగు వదులైతే నాడా బిగించుకోవచ్చు. బూటు వదులైతే దూది కుక్కుకోవచ్చు. హెల్మెట్ వదులైతే ఆ ఖాళీని పూడ్చే ఉపాయం లేదు. రేపటి తల కోసం కొన్న హెల్మెట్ ఈనాటి తలను కాపాడలేదు.