‘వారి ప్రారబ్ధము’ అను సమాధానము ఏ ప్రశ్నకు?

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున తాటిపాకకు చేరువనున్న నగరం గ్రామమున గెయిల్ సంస్థకు చెందిన సహజవాయు గొట్టపుమార్గము బ్రద్దలైనది. వెలువడిన వాయువు ఇండ్లమీదను కొబ్బరితోటలమీదను వ్యాపించి, నిప్పు సోకగానే ఒక్కసారిగా మండినది. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పిల్లలును కలరు. కాయలతో నిండిన చెట్లు మాడి మోడులై నిలిచినవి.

ఆ ప్రస్తావన వచ్చినపుడెల్ల సత్కాలక్షేప గోష్ఠులలో ఎవరో ఒకరు నిట్టూర్చి "ఎవరి ప్రారబ్ధము వారిది" అనుచుందురు. వినువారు తల ఊపుదురు. అంతటితో ప్రసంగము ముగియును. ఇట్లు పలుకువారిలో పెక్కురు సజ్జనులే. పరుల దుఃఖము చూచి సంతసించువారు కారు. అయినను ఆ మాట శాస్త్రసమ్మతము కాదు. శాస్త్రము పేరనే చెప్పబడుచున్నది కనుక దానిని ఉపేక్షించుటయు తగదు.

కర్మసిద్ధాంతము వేదాంతమున ఎచ్చట, ఏ ఆక్షేపమునకు సమాధానముగా ప్రవర్తిల్లినదో మొదట చూడవలెను. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ ప్రథమపాదమున వైషమ్యనైర్ఘృణ్యాధికరణము కలదు. అచ్చటి పూర్వపక్షి జగత్కారణవాదమును ఆక్షేపించుచున్నాడు. దేవతలకు సుఖము, పశువులకు దుఃఖము, మనుష్యులకు రెండును కలిగించిన ఈశ్వరుడు పక్షపాతియు నిర్దయుడును కావలసివచ్చును. అట్టివాడు ఈశ్వరుడెట్లగునని అతని ప్రశ్న. ఈశ్వరుడు ప్రాణుల ధర్మాధర్మములను అపేక్షించి సృష్టించుచున్నాడు గాన ఆ దోషము లేదని సిద్ధాంతము. శంకరభగవత్పాదులు మేఘమును దృష్టాంతముగా చూపిరి. వాన అన్ని పైరులకును సమానమే. వరి వరిగను యవలు యవలుగను మొలచుటకు బీజభేదము కారణము. సృష్టికి పూర్వము కర్మ ఎక్కడిదని పూర్వపక్షి మరల అడుగగా, సంసారము అనాదియని ఉత్తరము.

ఈ వాదమంతయు ఈశ్వరునిపై మోపబడిన అభియోగమును తొలగించుటకే. దుఃఖితునిపై అభియోగము మోపుటకు కాదు. న్యాయశాస్త్రమున ఇరువదిరెండు నిగ్రహస్థానములలో అర్థాంతరము ఒకటి. ప్రకృతమును విడిచి వేరొక విషయము చెప్పినవాడు వాదమున ఓడినట్లే లెక్క. నగరం గ్రామస్థుడు "ఆ గొట్టము ఏల పగిలినది? దానిని చూడవలసినవారు ఏమి చేయుచుండిరి?" అని అడుగుచుండగా, "ప్రారబ్ధము" అనుట అర్థాంతరమే. అతడు ఈశ్వరుని కరుణను గూర్చి అడుగలేదు. ఇనుమును గూర్చి అడిగినాడు.

మీమాంసకులు దృష్టప్రయోజనము సంభవించుచుండగా అదృష్టమును కల్పించుట అన్యాయ్యమందురు. (తెలుగు వాడుకలో అదృష్టమను మాటకు వచ్చిన అర్థము వేరు; ఇచ్చట కంటికి కనబడనిదని మాత్రమే.) ఆ నియమము ఫలవిషయమున చెప్పబడినదైనను, దానిలోని వివేకము హేతువిచారమునకును వర్తించును. కనబడు కారణమును పరీక్షింపక కనబడనిదానికి దూకువాడు ఆస్తికుడు కాడు, అలసుడు.

పాశర్లపూడి ఉదంతమును ఈ ప్రాంతపు పెద్దలు మరువలేదు. 1995 జనవరి 8న చమురుబావి అంటుకొని అరువదియైదు దినములు మండినది. మంటను ఆర్పవలసివచ్చినపుడు ప్రారబ్ధమని ఎవరును చేతులు కట్టుకొని కూర్చుండలేదు. యంత్రములు వచ్చినవి, నిపుణులు వచ్చిరి, నీటిధారల నడుమ పనిచేసి మార్చి మధ్యకు ఆ బావిని మూసిరి. ఆర్పుటయందు పురుషకారము ప్రమాణమైనపుడు, అంటుకొనుటకు కారణము వెదకునపుడు మాత్రము ప్రారబ్ధమెట్లు ప్రమాణమగును?

"సామాన్యముగా దుఃఖము పాపఫలమని శాస్త్రమే చెప్పుచున్నది కదా, ఇచ్చట అన్వయించిన దోషమేమి?" అని పూర్వపక్షి అనవచ్చును. సామాన్యజ్ఞానము వలన విశేషజ్ఞానము కలుగదు. కొండపై పొగ చూచినవాడు నిప్పున్నదని ఊహింపవచ్చును. ఆ నిప్పు ఫలానివాని కట్టెలతో రాజుకొనినదని చెప్పరాదు. కర్మగతి గహనమని గీతాచార్యుడే పలికియుండగా, ఏ జన్మలో ఏ జీవుడు ఏమి చేసెనో వీధి అరుగుపై కూర్చుండి నిర్ణయించుట ఎవరికి చెల్లును?

అంతటి నిర్ణయము చేయదగిన అధికారము కలవాడు ధర్మరాజు ఒక్కడే. ఆయన చేసిన నిర్ణయమునకు సైతము ఆక్షేపము వచ్చినది. మహాభారత ఆదిపర్వమున మాండవ్యోపాఖ్యానము చూడుడు. మౌనవ్రతమున నున్న మహర్షి ఆశ్రమమున దొంగలు సొమ్ము దాచిరి. రాజభటులు ఋషినిగూడ పట్టుకొనిరి, ఆయన శూలారోపితుడయ్యెను. తత్త్వమెరిగిన రాజు ఋషి పాదములపై పడి క్షమ వేడెను. "మహర్షీ, ఇది తమ పూర్వకర్మ, నేను నిమిత్తమాత్రుడను" అని ఆ రాజు అనలేదు. శూలము ఊడి రాకపోగా దానిని కోయించెను. లోపల మిగిలిన ఆణితోనే ఆ ముని అణిమాండవ్యుడయ్యెను.

పిదప మాండవ్యుడు ధర్మరాజు సభకు పోయి తన పాపమేమని నిలదీసెను. బాల్యమున పురుగులను గడ్డిపోచతో గుచ్చిన ఫలమిదియని ఆయన బదులు చెప్పెను. ముని తల వంచలేదు. అల్పాపరాధమునకు ఇంత దండనమా యని ఆక్షేపించి, శూద్రయోనియందు జన్మింపుమని శపించెను. ఆ శాపమే విదురుని జన్మకు మూలము. పదునాలుగేండ్లు నిండని వారికి పాపము అంటదని మర్యాదను కూడ ఆయనయే స్థాపించెను. కర్మఫలమును పంచువాడే ప్రశ్నకు లోబడినాడు; ఆక్షేపించినవాని మాట నిలిచినది. ఇతిహాసము ఇట్లుండగా, ప్రశ్నించువాడు నాస్తికుడని కసరువారు ఏ గ్రంథమును చదివిరో తెలియదు.

"రామాయణమున సీతాదేవి తన కష్టమునకు పూర్వదుష్కృతమే హేతువనలేదా? దశరథుడు మునికుమార వధను తలచుకొని విలపింపలేదా?" అని మరియొక ఆక్షేపము. పలికిరి, నిజమే. పలికినదెవరో గమనింపవలెను. అనుభవించుచున్నవారే తమను గూర్చి తాము పలికిరి. అందునను సీతాదేవి ఆ మాటను రాక్షసస్త్రీలను హనుమంతుని ఆగ్రహమునుండి కాపాడుటకు వాడినది. శ్రీరాముడు "అది ఆమె కర్మ" యని కిష్కింధలోనే నిలిచిపోలేదు, సేతువు కట్టించెను. ఒకే వాక్యము బాధితుని నోట వైరాగ్యము, ఇతరుల నోట క్రౌర్యము.

అన్నింటికంటె బలమైన ఆక్షేపము స్త్రీపర్వమున కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నూరుగురు పుత్రులను కోల్పోయిన గాంధారితో శ్రీకృష్ణుడు, నీ అపరాధము వలననే కౌరవులు నశించిరని పలికెను. దుఃఖితురాలిని దోషిగా చూపుటకు భగవంతుని వాక్యమే ఆధారము కాదా? కాదు. ఆయన ఎత్తిచూపినది పూర్వజన్మను కాదు. దుర్యోధనుని దౌష్ట్యమును ఉపేక్షించుటను. అది లోకమంతయు చూచిన దృష్టదోషము. పైగా తన ఉపేక్షను ఎత్తిచూపుచు ఆమె ఇచ్చిన శాపమును ఆయన త్రోసిపుచ్చలేదు.

ఇక నిమిత్తమాత్రవాదము. చచ్చువానికి ఆయువు తీరినది, చంపినవాడు పనిముట్టు మాత్రమే యనినచో హింసానిషేధము వ్యర్థమగును, దండనీతి వ్యర్థమగును, ప్రాయశ్చిత్తకాండ యంతయు వ్యర్థమగును. జీవునికి కర్తృత్వము లేకున్నచో విధినిషేధములకు అర్థము లేదని బ్రహ్మసూత్రములే కర్త్రధికరణమున స్థాపించినవి.

లౌకిక న్యాయస్థానములును ఈ విషయమున స్పష్టముగనే ఉన్నవి. ప్రమాదకర ద్రవ్యమును నిలువయుంచినవాని బాధ్యతను గూర్చిన ప్రాచీన ఆంగ్లన్యాయమున ‘దైవకృత్యము’ అను మినహాయింపు కలదు. ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన వ్యవహారమున 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము అట్టి మినహాయింపులను అంగీకరింపలేదు. అపాయకరమైన పరిశ్రమ నడపువాడు దానివలన కలిగిన హానికి సంపూర్ణముగా బాధ్యుడని నిర్ణయించినది. భక్తులు దీనికి నొచ్చుకొనవలసిన పని లేదు. మనుష్యుడు తన దోషమును దైవముపై వేయకుండ ఆ తీర్పు అడ్డుపడినది. వైషమ్యనైర్ఘృణ్యాధికరణము చేసిన పనియు ఇంచుమించు అదియే.

కర్మసిద్ధాంతము బలవంతులకు డాలు మాత్రమేనని హేతువాదులు పరిహసించుచుందురు. వారి మాట తప్పు. అయితే వారికి ఆ మాట అందించినవారు ఆస్తికులే.

"అట్లైన మృతుల ఇంటికి పోయి ఏమి చెప్పవలెను?" అనునది చివరి ప్రశ్న. చెప్పవలసినదేమియు లేదు. పదియవనాడు రేవున ధర్మోదకములు విడుచుటకు బంధుమిత్రులు వరుసగా వత్తురు. చేయించు బ్రాహ్మణుడు ప్రేతనామమును గోత్రమును అడుగును. అవి తెలిసిన పిమ్మట మంత్రము చెప్పి, తిలలు చేతిలో పోసి, నీరు విడువుమనును. ఆ జీవుడు పూర్వజన్మలో ఏమి చేసెనని ఆ రేవున ఎవరును అడుగరు.