కోరికకు కళ్లెం

వ్యసనపరుని చూసి "వానికి మనోబలం లేదు" అని తీర్పు చెప్పడం లోకరీతి. ఆ తీర్పులో సగమే సత్యమున్నదని నా అభిప్రాయం.

ఆకలి, దప్పిక, నిద్ర మన ఆజ్ఞకు లోబడి పుట్టేవి కావు. జీర్ణాశయం ఖాళీ అయినప్పుడు గ్రెలిన్ అనే హార్మోను ఆకలిని మేల్కొలుపుతుంది. కొవ్వు కణజాలం నుండి వెలువడే లెప్టిన్ దానిని అదుపు చేస్తుంది. ఈ సందేశాలను మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ అందుకుంటుంది. కోరినదాని కోసం మనలను ముందుకు నడపడంలో డోపమైన్ అనే రసాయనానిది ముఖ్యపాత్ర. 1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడులో సన్నని తీగను అమర్చి, మీట నొక్కితే స్వల్ప విద్యుత్తు అందేటట్లు చేశారు. ఎలుకలు ఆ మీటను పదేపదే నొక్కసాగాయి. మద్యం కూడా మెదడులోని ఇటువంటి మార్గాన్నే వశపరచుకుంటుంది. అలవాటు ముదిరేకొద్దీ ఆనందం తగ్గి ఆరాటం పెరుగుతుంది. దుకాణం కంటబడితే చాలు, కాళ్లు అటే సాగుతాయి.

కోస్తా జిల్లా అయిన నెల్లూరులో స్త్రీలు ఈ సంగతిని అనుభవంతోనే గ్రహించారు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రానికి వెళ్లి, తాగుడు వల్ల చితికిన కుటుంబాల గురించి చదివి, చర్చించుకున్న మహిళలు ఏకమయ్యారు. రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. భర్తలకు నీతులు చెప్పి ఊరుకోక, సారా దుకాణాన్నే మూయించారు. 1992లో ఈ ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించి సారా వేలంపాటలను అడ్డుకున్నది. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

అయితే తప్పంతా మెదడుదేనా? కాదు. తాగివచ్చి భార్యను కొట్టినవాడు హార్మోనుల చాటున దాగలేడు. అలాగని చట్టమొక్కటే చాలదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. వ్యసనపరునికి చికిత్స, కుటుంబం తోడు, అందుబాటులో లేని దుకాణం, ఈ మూడూ కలిసినప్పుడే అతని సంకల్పానికి బలం చేకూరుతుంది.

విద్యార్థులు దీనిని తమకూ అన్వయించుకోవాలి. చదువుకునే వేళ సెల్‌ఫోనును పక్కగదిలో ఉంచడం బలహీనత కాదు, వివేకం. కోరిక పుట్టుక మన చేతిలో లేకపోవచ్చు. దానికి ఎదురుపడే దారులను మూయడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నది.