పచ్చికకు కావలి కాసే మనిషి

మానవుడు చేసే పనులలో రెండు తెగలున్నాయి. చేసినప్పుడు కనిపించేవి కొన్ని, చేయనప్పుడు మాత్రమే కనిపించేవి కొన్ని. కవి రాసిన కావ్యం, శిల్పి చెక్కిన విగ్రహం, ఆటగాడు సాధించిన గెలుపు మొదటి తెగకు చెందినవి. ఊడ్చిన వాకిలి, అడ్డులేక పారే మురుగుకాలువ, వేళకు వెలిగే వీధిదీపం రెండవ తెగకు చెందినవి. ఈ రెండవ తెగ పనులు చేసేవారిని లోకం తలచుకునేది పని చెడిన నాడే. గోల్ఫ్ మైదానపు సూపరింటెండెంటు అట్టి మనిషి. అతని వృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పి, ఆ వృత్తి మనకు వేసే ఒక ప్రశ్నను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోల్ఫ్ ధనికుల ఆట కదా, దానితో మనకేమి పని అని కొందరు అడగవచ్చు. అడగవలసిన మాటే. కాని ఆట ధనికులదైనా, తెల్లవారకముందే ఆ మైదానంలో నిలబడే మనిషి సాధారణంగా ధనికుడు కాడు. అతని విద్య వ్యవసాయ శాస్త్రం. అతని చూపు ఎల్లప్పుడూ ఆకాశం వైపు. అతని పంట గడ్డి. ఒక విధంగా అతడు మన రైతుకు దూరపు చుట్టం. భేదమల్లా ఒక్కటే. రైతు పంట ఏడాదికి ఒకటి రెండుసార్లు కోతకు వచ్చి ఇంటికి చేరుతుంది. ఇతని పంట దినదినమూ కోతకు వస్తుంది, ఎన్నడూ గాదె నింపదు.

ఈ వృత్తికి పుట్టినిల్లు స్కాట్లండు. సముద్రతీరపు ఇసుక దిబ్బల మీద గొర్రెలూ కుందేళ్ళూ మేసి పొట్టిగా ఉంచిన పచ్చికే తొలి గోల్ఫ్ మైదానం. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే యంత్రకారుడు గుడ్డల మిల్లులో బట్ట మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి గడ్డి కోసే యంత్రాన్ని కల్పించాడు. అంతకు ముందు కొడవలి, గొర్రె ఈ రెండే సాధనాలు. ఆ మైదానాన్ని కనిపెట్టుకుని ఉండేవానిని అక్కడివారు గ్రీన్‌కీపర్ అన్నారు. పచ్చికకు కాపరి అని అర్థం. ఉర్దూలో ‘బాగ్‌బాన్’ అనే అందమైన మాట ఉన్నది, తోటను కాచేవాడు అని. సముద్రాల కావల, వేరొక భాషలో, అదే భావంతో అదే మాట పుట్టడం గమనించదగినది.

ఈ కాపరులలో ప్రసిద్ధుడు టామ్ మారిస్. 1821లో సెంట్ ఆండ్రూస్ పట్టణంలో పుట్టి 1908లో మరణించాడు. బ్రిటిష్ ఓపెన్ పోటీని నాలుగుసార్లు గెలిచిన ఆటగాడు. ఐనా అతని జీవితంలో అధిక భాగం గడిచింది పచ్చిక సేవలోనే. గడ్డి మీద పలుచగా ఇసుక చల్లితే నేల చదునై, వేరు బలపడి, పచ్చిక చిక్కనవుతుందన్న రహస్యాన్ని ఆచరణలో పెట్టినవాడు అతడే. ఆదివారం నాడు సెంట్ ఆండ్రూస్ పాత మైదానంలో ఆట సాగరాదనే ఆచారాన్ని పట్టుదలతో కాపాడినవాడుగా కూడా అతనికి పేరున్నది. మనిషికి విశ్రాంతి అక్కరలేకపోయినా నేలకు కావాలన్నది అతని పక్షం. ఆ ఆచారం నేటికీ చాలా వరకు నిలిచి ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వృత్తికి అమెరికాలో శాస్త్ర రూపం వచ్చింది. 1926 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో అరవై మంది కాపరులు సమావేశమై, ఒకరి అనుభవం ఒకరికి అందాలని ఒక సంఘం స్థాపించుకున్నారు. జాన్ మార్లీ దానికి తొలి అధ్యక్షుడు. కాలక్రమాన కాపరి అన్న పేరు పోయి సూపరింటెండెంటు అన్న పేరు వచ్చింది. 1920ల చివరిలోనే మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో వీరి కోసం శీతకాలపు తరగతులు మొదలైనాయి. మంచు కురిసి మైదానం మూతపడిన నెలలలో, చేతికి కాయలు కాచిన మనుషులు బల్లల ముందు కూర్చుని నేలల రసాయనం నేర్చుకున్నారు. చదువుకు వయస్సు అడ్డురాదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఏమున్నది?

ఇక అతని దినచర్య. పద్దెనిమిది గుంతల మైదానం సుమారు 150 ఎకరాలు ఉంటుంది. అందులో గుంత ఉండే నున్నని పచ్చిక తిన్నెలను గ్రీన్లు అంటారు. అవన్నీ కలిపినా మూడెకరాలు మించడం అరుదు. ఐనా సూపరింటెండెంటు నిద్రను హరించేవి ఆ మూడెకరాలే. మొదటి ఆటగాడు రాకముందే వాటిపై మంచు దులపాలి, కోత కోయాలి, నిన్నటి గుంత పూడ్చి నాలుగుంపావు అంగుళాల వెడల్పుతో కొత్త గుంత తవ్వాలి, ఇసుక గుంటలను దంతెతో చదును చేయాలి. ఆటగాడు వచ్చేసరికి అక్కడ ఎవరూ పని చేసిన జాడ ఉండరాదు. జాడ లేకపోవడమే ఆ పనికి గెలుపు.

గ్రీను మీద గడ్డిని మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. ఆకు మొక్కకు వంటిల్లు వంటిది. వంటిల్లు చిన్నదైతే ఇంటిల్లిపాది పస్తులుంటారు. ఆకు తరిగిన కొద్దీ వేరు పైపైకి వస్తుంది. వేరు పైకి వచ్చిన కొద్దీ ఎండ తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. తేమ నిలిస్తే శిలీంధ్రాల తెగుళ్ళు రాత్రికి రాత్రే అల్లుకుంటాయి. చల్లని ప్రాంతాల బెంట్‌గ్రాస్ అనే గడ్డికి వేసవిలో వేళ్ళు కుంచించుకుపోతాయి. అందుకే ఎండ మండే మధ్యాహ్నాలలో జ్వరపీడితుని నుదుట తడిగుడ్డ వేసినట్లు, దాని మీద పలుచగా నీటి తుంపర చల్లుతారు. అది దాహం తీర్చడానికి కాదు, వేడి తగ్గించడానికి. ఆ మాత్రం నీరు ఎప్పుడు చల్లాలో, ఎప్పుడు చల్లరాదో తెలిసి ఉండటమే వృత్తి రహస్యం. ఒక్క మధ్యాహ్నపు పరాకు నెలల శ్రమను కాల్చివేయగలదు.

ప్రకృతితో పోరు ఇట్లా ఉండగా, మనుషులతో పోరు మరొకటి. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన గ్రీను మీద బంతి ఎంత దూరం దొర్లుతుందో కొలిచే సాధనం ఒకటి చేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం దానిని మెరుగుపరచి 1978లో మైదానాలకు అందించింది. ఒక మైదానంలోని గ్రీన్లన్నీ ఒకే తీరుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. కాని కొలబద్ద చేతికి వచ్చిన తరువాత మనిషి ఊరుకోడు కదా! మా గ్రీను వేగమెక్కువ అంటే మా గ్రీను వేగమెక్కువ అని క్లబ్బులు పంతాలకు దిగాయి. అంతకు ముందు 1976-77లో ఆ సంఘం జరిపిన పరిశీలనలో సగటు దొర్లుబాటు ఆరున్నర అడుగులు. నేటి పెద్ద పోటీలలో 12, 13 అడుగులు మామూలైనాయి. ఆ అడుగులు ఆకాశం నుండి ఊడిపడలేదు. గడ్డి ప్రాణం నుండి, సూపరింటెండెంటు ప్రశాంతత నుండి కోసి తెచ్చినవి.

2004లో న్యూయార్క్ సమీపాన షినకాక్ హిల్స్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్ చివరి దినాన ఈ పంతం ఫలితం లోకమంతా చూసింది. ఏడవ గ్రీను ఎండి గట్టిపడి, బంతి నిలవక జారిపోతూ ఉంటే, ఆటగాళ్ళ జట్లకు మధ్య నీరు చల్లవలసి వచ్చింది. ఎంత ఎండబెట్టాలన్న మాటలో పోటీ నిర్వాహకుల కోరికకు బలమెక్కువ. గొట్టం పట్టి అందరి కళ్ళ ముందు నిలబడవలసింది మాత్రం మైదానపు సిబ్బంది. ఆజ్ఞ ఒకరిది, అపవాదు ఒకరిది అయ్యే ప్రమాదం ఈ వృత్తిలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఒక్క చెడు వేసవి చాలు, ఇరవై ఏళ్ళ మంచి పేరు మాసిపోవడానికి.

ఇంతకంటె గంభీరమైన విషయం నీరు. 2022 ఆగస్టులో ఫ్రాన్సు దేశం తీవ్రమైన కరవులో ఉన్నప్పుడు, ఇళ్ళ తోటలకు నీరు పెట్టరాదని ఆంక్షలు విధించి, గోల్ఫ్ గ్రీన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆగ్రహించిన కొందరు ఉద్యమకారులు టూలూజ్ ప్రాంతంలో మైదానపు గుంతలలో సిమెంటు పోశారు. వారి ఆగ్రహం అన్యాయమని నేను అనలేను. తాగునీటికి బిందెలు వరుసపెట్టే వీధులు ఎరిగిన మనం అసలే అనలేము. కాని గుంతలో సిమెంటు పోస్తే మర్నాటి ఉదయం దానిని పెళ్ళగించేది నియమాలు చేసిన అధికారి కాదు, ఆట ఆడే శ్రీమంతుడూ కాదు, ఆ మైదానపు కూలి. కోపం న్యాయమైనదే, గురి మాత్రం తప్పింది.

నా అభిప్రాయం ఇది. నీటి దుబారాకు మూలం సూపరింటెండెంటు కాదు. మైదానం ఏడాది పొడుగునా, మూల మూలనా, పటంలోని బొమ్మ వలె పచ్చగా ఉండాలన్న సభ్యుల మోజే మూలం. ఆ దుబారా తగ్గించగల విద్య ఎవరికైనా ఉంటే అది సూపరింటెండెంటుకే ఉన్నది. ఏ నేల ఎన్నాళ్ళు తడి పట్టి ఉంచుతుందో, ఏ మూలన నీరు వృథా అవుతుందో అతనికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఉత్తర కరోలినాలోని పైన్‌హర్స్ట్ రెండవ మైదానం ఇందుకు తార్కాణం. 2010, 2011 సంవత్సరాలలో అక్కడ నీరు పెట్టి పెంచే పచ్చికను ముప్ఫై ఎకరాలకు పైగా తొలగించి, ఇసుకను, సహజమైన దుబ్బుగడ్డిని తిరిగి రానిచ్చారు. నీరు చిమ్మే గొట్టపు తలలు 1,150 నుండి 450కి తగ్గాయి. ఆ గోధుమవన్నె మైదానంలోనే 2014లో పురుషుల యు.ఎస్. ఓపెన్, ఆ మరుసటి వారమే స్త్రీల యు.ఎస్. ఓపెన్ జరిగాయి. ఆటకు లోటు రాలేదు. లోటు వచ్చిందల్లా పచ్చదనమే ఘనత అన్న భ్రమకు.

ఈ కథలో మన నేలకు కూడా ఒక పాలున్నది. మన రైతు కలుపని పీకి గట్టు మీద పారవేసే గరికనే పాశ్చాత్యులు బెర్ముడా గడ్డి అంటారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో, గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ గరికను ఆఫ్రికా గరికతో సంకరం చేసి, వేడి దేశాల గోల్ఫ్ మైదానాలకు తగిన సన్నని పచ్చిక రకాలను సృష్టించాడు. ఆయనే సజ్జ మీద కూడా పరిశోధన చేశాడు. ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఏ అనే సజ్జ వంగడాన్ని తల్లిగా తీసుకుని లూథియానాలో అథ్వాల్ బృందం తయారుచేసిన సంకర సజ్జ హెచ్.బి. 1, 1965లో మన దేశపు పొలాలకు వచ్చింది. ఒకే శాస్త్రజ్ఞుని కృషి నుండి ఒక ప్రక్క శ్రీమంతుని ఆటకు తివాచీ, మరొక ప్రక్క బీదవాని పళ్ళెంలోకి రొట్టె! విద్యకు తరతమ భేదం లేదు. దానిని ఎవరి మేలుకు వినియోగిస్తామన్నదే భేదం.

హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లాలోనూ, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలున్నాయి. నయాఖిల్లా వంటి చారిత్రక స్థలంలో ఆట తగునా అన్న వాదం ఉన్నది. అది వేరే వ్యాసానికి తగిన విషయం. మన ఎండలలో పచ్చికను నిలబెట్టే మాలీల నేర్పు మాత్రం వాదానికి అతీతం. 2020 వసంతంలో కరోనా వ్యాధి వలన బ్రిటన్‌లో గోల్ఫ్ మైదానాలు మూతపడ్డాయి. ఆటగాడు ఇంట కూర్చున్నాడు, కాపరికి మాత్రం అత్యవసరమైన పనులు చేయడానికి అనుమతి ఇచ్చారు. ఆట ఆగుతుంది గాని గడ్డి ఆగదు. అవసరమైనవాడెవడో తేల్చి చెప్పడానికి ఒక మహమ్మారి రావలసి వచ్చింది.

అందరూ పల్లకీ ఎక్కేవారే ఐతే మోసేవారెవరని మన పెద్దలు అడిగారు. దానికి నేను మరొక ప్రశ్న చేర్చుతాను. మోసేవానికి దారి తెలిసి ఉన్నప్పుడు, ఎక్కినవాడు అతని మాట వినవద్దా? బాధ్యత ఒకరి నెత్తిన పెట్టి, నిర్ణయం మరొకరి చేతిలో ఉంచే పద్ధతి గోల్ఫ్ క్లబ్బులకే పరిమితం కాదు. ఆసుపత్రిలో, కార్యాలయంలో, మన కళాశాలలలో కూడా అది కనిపిస్తుంది. చెట్టు ఎండితే మాలీని అడుగుతాము. ఏ చెట్టు ఎక్కడ నాటాలో నిర్ణయించే నాడు అతనిని అడగము. నీటి తొట్టి శుభ్రంగా లేకపోతే నౌకరును మందలిస్తాము. తొట్టి కట్టే నాడు అతని సలహా కోరము.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు వ్యవసాయ శాస్త్రం చదువుతారు, కొందరు ఉద్యోగాలకు దూరదేశాలు వెళతారు, కొందరు అధికార పీఠాల మీద కూర్చుంటారు. ఎక్కడ ఉన్నా, మీ కాలి క్రింది నేల నున్నగా ఉంటే, ఎవరో మీకంటె ముందు నిద్ర లేచారని గుర్తించండి. గుర్తించడంతో ఆగక, నిర్ణయాలు జరిగే గదిలో అతనికొక కుర్చీ వేయించండి. కమిటీ పెద్దలకు నా మనవి కూడా ఇంతే. వచ్చే ఏడు తోటకు, నీటికి, భవనాల మరమ్మతులకు ప్రణాళిక వేసేటప్పుడు, ఆ పనులు చేతితో చేసేవారిని ముందుగా పిలిచి అడగండి. ఖర్చు లేని సంస్కరణ ఇది. కావలసిందల్లా వినే ఓపిక.