మూడు పడవల ప్రయాణం

పోయిన వేసవిలో మా ఇంట్లో చిన్న తగవు జరిగింది. ప్లస్ టూ పూర్తయిన మా మనవరాలు, "తాతయ్యా, నేను పీపీఈ చదువుతాను" అంది. నాకు కరోనా రోజుల్లో డాక్టర్లు వేసుకున్న తొడుగు గుర్తొచ్చింది. "అది కాదు తాతయ్యా! ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్. మూడూ కలిపి ఒకే డిగ్రీ" అని నవ్వింది.

"రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతామంటారు, నువ్వు మూడు పడవలంటావేమే?" అన్నాను. దాన్ని సి.ఏ. చదివించాలని నా కోరిక. దాని చదువు కోసం నేను వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది కాబట్టి ఇంట్లో నా మాటకు బలం కూడా ఉంది. పిల్ల రెండు రోజులు నాతో పలకలేదు.

మూడోనాడు నేనే తగ్గి సాయంత్రం నడకకు పిలిచాను. మాది మైలాపూరు. బకింగ్‌హామ్ కాలువ దగ్గర ఆగి, "దీన్ని ఎప్పుడు తవ్వారో తెలుసా?" అంది. తెలియకేం? ఊళ్లో అడయారు, కూవం నదులను కలిపే ఈ భాగం 1877–78లో, కరువు పనుల కింద తవ్వించారు. అదే ధాత కరువు. మా నాయనమ్మ తన అత్తగారి నోట విన్న కథలు నెల్లూరి యాసలో చెబుతుంటే మేం అన్నం వదిలేసేవాళ్లం కాదు.

"అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చాడు తాతయ్యా. 1873–74 బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడు ఆయనే. డబ్బు దుబారా చేశాడని పైవాళ్లు తిట్టారు. అందుకే ఇక్కడ చేయి బిగించాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను గింజలు, ఒక అణా. అంటే అరకిలో కూడా లేదు. అదే సమయంలో గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ధర పెరిగితే గింజలు ఎటు పోతాయన్నది ఎకనామిక్స్. ఆ దొర ఎవరికి జవాబుదారీ అన్నది పాలిటిక్స్. ఆకలిగొన్న మనిషికి మనం ఎంత బాకీ అన్నది ఫిలాసఫీ. ఒక్కటి వదిలినా ఈ కాలువ కథ అర్థం కాదు."

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి నేనూ కొంత చదివాను. ఈ చదువు 1920లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైందట. మన దేశంలో సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయంలోనూ ఉంది. అర్థశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రం బోధించిన పంతులు. మన కౌటిల్యుడు కూడా ఆన్వీక్షకి, వార్త, దండనీతులను వేదవిద్య పక్కనే లెక్కపెట్టాడు. అంటే ఈ మూడింటినీ ముందు విడదీసినవాళ్లం మనమే.

అయినా నా భయం పూర్తిగా పోలేదు. మూడూ పైపైన చదివితే ఏదీ రాదు. ఆక్స్‌ఫర్డ్‌లో కూడా మొదటి ఏడాది తర్వాత కావాలంటే ఒకటి వదిలి, మిగతా రెండు లోతుగా చదవచ్చు. అందుకే మనవరాలికి ఒక్క షరతు పెట్టాను: లెక్కలు, స్టాటిస్టిక్స్ వదలకూడదు. రేపు ఎం.ఏ. ఎకనామిక్స్ వైపు వెళ్లాలంటే అవి లేకపోతే కష్టం. మీ ఇళ్లలో పిల్లలు ఈ చదువు అడిగితే, కాలేజీ పేరుకంటే ముందు ఏ ఏడాది ఏయే పేపర్లు ఉన్నాయో చూడండి.

డిపాజిట్ రద్దు చేయించాను. సెలవులకు వచ్చిన పిల్ల మొన్న రాత్రి భోజనాలయ్యాక నా పక్కన చేరింది. కరువు మీద వ్యాసం రాయాలట. "మీ నాయనమ్మ చెప్పిన కథలు మళ్లీ చెప్పు తాతయ్యా, ఆ నెల్లూరి మాటల్లోనే" అంది. ఈసారి దాని చేతిలో నోటుపుస్తకం ఉంది.